ఎండని అంచు

తెల్ల ఎలుక ఒంట్లో రక్తం తగ్గిందో లేదో చూడాలంటే ముందు దాని చెవులు చూడాలి. బాగున్న ఎలుక చెవిని వెలుతురుకు ఎదురుగా పెడితే లేత గులాబీ రంగులో ఉంటుంది. అందులో సన్నని నాళాలు ఆకు ఈనెల్లా కనిపిస్తాయి. రక్తం తగ్గిన ఎలుక చెవి నీళ్లలో నానిన కాగితంలా ఉంటుంది. కడపలో నేను పనిచేసే ప్రయోగశాలలో నాకు మొదట నేర్పింది ఇదే. రోజూ పొద్దున బోన్లు తెరిచి చెవులు చూసి చూసి, ఆ చూపు నాతోపాటు ఊరికి కూడా వచ్చేసింది.

పోయిన ఎండాకాలం ఒక శనివారం సాయంత్రం, పత్తికొండ అవతల మా ఊళ్లో బస్సు దిగి ఇంటికి పోయేసరికి అమ్మ వాకిట్లో కూర్చుని ఉల్లిగడ్డల తోకలు కోస్తోంది. పొద్దు ఆమె వెనకాల ఉంది. కమ్మల పక్కన చెవి తమ్మెల గుండా ఆ ఎండ ఇవతలికి వస్తోంది. ఆ తమ్మెల్లో ఎరుపు లేదు. నేను భుజం మీది సంచీ కూడా దించకుండా అక్కడే నిలబడిపోయాను.

"ఏమ్మే, పరాయింటికొచ్చినట్ల నిలబడితివి? పోయి కాళ్లు కడుక్కో" అంది అమ్మ. గొంతు మాత్రం ఎప్పటిలాగే గట్టిగా ఉంది.

అమ్మ జబ్బు బయటపడింది అంతకు ముందు చలికాలంలో. పెద్దపేగులో గడ్డ. కర్నూలులో ఆపరేషన్ చేసి దాన్ని తీసేశారు. అప్పటికే దాని విత్తనాలు కాలేయంలో పడి మొలిచాయి. వాటిని కోసి తీయడానికి వీల్లేదన్నారు. కొన్ని వారాలకొకసారి వచ్చి సెలైన్‌లో మందులు ఎక్కించుకుని పోవాలన్నారు. అందులో ఒక మందు గురించి డాక్టరు అమ్మ వైపు తిరిగి, ఆమెకు అర్థమయ్యేలా చెప్పాడు. "ఇది గడ్డకు కొత్త రక్తనాళాలు పుట్టకుండా చేస్తుందమ్మా. దానికి రక్తం అందనియ్యదు."

ఆసుపత్రిలో గడిపిన అన్ని రోజుల్లో అమ్మ ముఖం తేటపడింది ఆ ఒక్క మాటకే. అంతవరకు వాళ్లు చెప్పినవన్నీ ఆమెకు వేరే లోకం మాటలు. ఇది మాత్రం చేను మాట. తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని, నాకూ నాయనకూ తెలిసిన కథనే మళ్లీ చెప్పింది.

అమ్మ కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు మా గుట్ట కింద చేను నిండా గరిక ఉండేదట. నాగలి పెడితే వేర్లకు చిక్కుకుని ఎద్దులు నిలబడిపోయేవట. ఆ చేను వదిలేయమని ఊరంతా అంటే, అమ్మ ఒక్కతే వినలేదు. ఆ పక్కకు నీళ్లు పారనివ్వకుండా కాలువ కట్టేయించింది. నడి ఎండాకాలంలో లోతుగా దున్నించి, వేర్లు పైకి తేల్చి ఎండకు వదిలేసింది. ఆ ఏడు ఒక్క గింజ కూడా చల్లనివ్వలేదు. మళ్లీ ఎండాకాలానికి ఆ వేర్లు చేత్తో నలిపితే పొడి అయ్యేవట.

"నీల్లు కట్టేస్తే ఏదన్నా సస్తాది" అంది అమ్మ, బస్సులో. "మొండిది గాబట్టి దానికి టైము పడతాది, అంతే."

నాయన ముందు సీటు కమ్మీ పట్టుకుని రోడ్డు చూస్తూ కూర్చున్నాడు.

నా పని కూడా అదే అన్న సంగతి అప్పటికి అమ్మకు సరిగ్గా తెలియదు. ఆమె జబ్బు తెలియకముందే నేను ఆ ఉద్యోగంలో చేరాను. ఏం చేస్తావని ఎవరైనా అడిగితే "ల్యాబ్‌లో" అని ఊరుకునేదాన్ని. మాట్లాడడం నాకు మొదటినుంచీ కష్టమే. హాస్టల్లో నా మంచం దగ్గర మనుషుల కంటే పుస్తకాలే ఎక్కువ. మైక్రోస్కోపు ముందు కూర్చున్న మనిషిని ఎవరూ పలకరించరు గనక ఆ పని నాకు నచ్చింది. ఎలుకల ఒంట్లోంచి తీసిన గడ్డలను పల్చటి పొరలుగా కోసి, రంగు పట్టించి, అందులో రక్తనాళాలు ఎక్కడెక్కడ ఉన్నాయో చూసి రాసుకోవడం నా పని.

గడ్డ ఆవగింజంత ఉన్నంతకాలం చుట్టుపక్కల కండలోంచి ఊరేదానితో బతికేస్తుంది. అంతకు మించి పెరగాలంటే దానికి సొంత రక్తం కావాలి. లోపలి కణాలకు ప్రాణవాయువు చాలనప్పుడు అవి కొన్ని రసాయనాలను బయటికి పంపుతాయి. ఒక విధంగా అది దాహం వేసినవాడి కేక. ఆ కేక విని దగ్గర్లో ఉన్న మంచి నాళాలు అటువైపు కొమ్మలు వేస్తాయి. మంచి కండలో నాళాలు ఒక పద్ధతిగా పోతాయి. గడ్డలోవి వంకర్లు తిరుగుతాయి, మధ్యలో ఉబ్బుతాయి, కారుతుంటాయి, కొన్ని ఎక్కడికీ పోకుండా ఆగిపోతాయి. కరువు సంవత్సరంలో మా ఊళ్లలో ఎవరికి తోచినచోట వాళ్లు బోర్లు దించినట్టుంటుంది ఆ అడ్డదిడ్డం. చూసినప్పుడల్లా నాకు అదే గుర్తొచ్చేది.

అమ్మకు ఎక్కించేది కొత్త నాళాలు పుట్టనివ్వని మందు. మేము ఎలుకల మీద పరీక్షించేది ఉన్న నాళాలనే కూలగొట్టే మందు. రెండూ దాయాదుల్లాంటివి. ఎలుక డొక్కలో చర్మం కింద గడ్డ కణాలు పెడితే కొన్నాళ్లకు అక్కడ శనగ గింజంత ఉబ్బు లేస్తుంది. అప్పుడు మందు ఇస్తాం. మందు పనిచేస్తే మర్నాటికే ఆ ఉబ్బు నల్లబడుతుంది.

మొదటిసారి అట్లా నల్లబడిన రోజు మా సారు మైసూరుపాకు తెప్పించాడు. కోసి చూస్తే నడుమంతా బొగ్గులా ఉంది. రక్తం ఆగిపోయి చచ్చిన కండ. ఆ వారం ఇంటికి పోయి, నేనెప్పుడూ మాట్లాడనంత మాట్లాడాను. అమ్మ జొన్నరొట్టె తడుతోంది. పొయ్యి పక్కన కూర్చుని నేను చూసిందంతా చెప్పాను.

అమ్మ చేయి ఆగింది. "నడుమంతా మాడిపోయిందా?"

"మాడిపోయింది మా. బొగ్గు మాదిరి."

"ఎలుకకేం కాల్యా?"

"ఏం కాల్యా. తింటాంది, తిరుగుతాంది."

అమ్మ మళ్లీ రొట్టె తట్టడం మొదలుపెట్టింది. ఆ చప్పుడుకు తగ్గట్టు ఆమె పెదవులు కొంచెం కదులుతున్నాయి. ఆ రోజుకు నేను చూసింది అంతే, చెప్పింది అంతే.

మిగతాది ఆ తర్వాత వారాల్లో కనిపించింది. మందిచ్చిన మర్నాడు కాకుండా మరికొన్ని రోజులు ఆగి కోసిన గడ్డల పొరలు నా దగ్గరికి వచ్చాయి. నడుమ నల్లగానే ఉంది. దాని చుట్టూ, అంచు పొడుగునా, సన్నటి కట్టులాగా ఒక వరుస బతికే ఉంది. ఆ అంచు గడ్డలోని వంకర నాళాల మీద ఆధారపడదు. పక్కనున్న మంచి కండ నాళాల నుంచి తాగుతుంది. మా మందు మంచి నాళాలను ముట్టదు, ముట్టకూడదు కూడా. అందువల్ల అంచు మిగులుతుంది. కొన్ని రోజులకు ఆ అంచులోంచి కొత్త నాళాలు లోపలికి బయలుదేరుతాయి.

ఈ సంగతి ఈ రంగంలో పనిచేసేవాళ్లందరికీ ఎప్పటినుంచో తెలుసు. అందుకే ఈ మందులను వేరే మందులతో కలిపి ఇస్తారు. నాకు తెలియక కాదు, పుస్తకంలో చదివాను. చదవడం వేరు, రంగు పట్టించిన పొర మీద బతికిన అంచు గోధుమరంగు గీతలా నల్లటి నడుమ చుట్టూ ఒక మూల నుంచి ఇంకో మూలకు తెగకుండా పోవడం చూడడం వేరు. మైక్రోస్కోపు కింద గాజుపలకను జరుపుతూ పోయాను. ఎక్కడైనా తెగుతుందేమోనని చూశాను. తెగలేదు.

ఆ వారం ఇంటికి పోయినప్పుడు అమ్మ అడిగింది. "మీ ఎలుకలెట్లుండాయి?"

"ఉండాయి" అన్నాను.

ఎండలు ముదిరేకొద్దీ అమ్మ ఒంట్లో రక్తం తగ్గుతూ వచ్చింది. ఆ జబ్బుకూ ఆ మందులకూ అది మామూలే అనుకున్నాం. డాక్టరు ఇనుము బిళ్లలు రాశాడు. దానిమ్మ, మాంసం, ఆకుకూర బాగా పెట్టమన్నాడు. నాయన పత్తికొండకు పోయి దానిమ్మకాయలు తెచ్చేవాడు. అయినా తర్వాతి పరీక్షలో ఇంకా తగ్గింది. ఆ విడత మందు ఎక్కించకుండానే పంపేశారు. వచ్చే పరీక్షకు పెరగకపోతే బయటి రక్తం ఎక్కించాలి, అదీ కుదరకపోతే మందులు ఆపేయాలి అన్నారు.

"పరాయి రక్తం ఒక్క చుక్క ఎక్కించుకోను. మంచానికి కట్టేసినా పీకేస్తా" అందట అమ్మ, డాక్టరు ముందే. నాయన ఫోన్లో చెప్పి, "నువ్వు శనివారం రా పాపా" అన్నాడు.

నేను వాకిట్లో నిలబడి ఆమె చెవులు చూసింది ఆ శనివారమే.

కాళ్లు కడుక్కుని వచ్చేసరికి, నేను పిన్నీ అన్నట్టు ఖాలా అని పిలిచే పక్కింటామె గిన్నె మీద గిన్నె బోర్లించుకుని వచ్చింది. మా గోడకూ వాళ్ల గోడకూ మధ్య మనిషి పట్టేంత సందు. నా చిన్నప్పటినుంచి ఆమె కూర మా ఇంటికి, మా రొట్టె వాళ్లింటికి పోతూనే ఉన్నాయి. ఆమె తెచ్చింది పాయా. మేక కాళ్లు పొద్దుటినుంచి ఉడకబెట్టి తీసిన చారు.

"తాగు వదినా, యేడియేడి ఉండాది. ఎముకల్లో నుంచి రక్తం ఊరతాది."

"ఆడ పెట్టిపో. తాగుతా."

"నా ముందర తాగు."

"నీ ముందర తాగితే దిష్టి తగుల్తాది."

"దిష్టి తగలనీకి నీలో ఏముండాది, తోలూ ఎముకలే గదా!" అని ఖాలా నవ్వింది. అమ్మ కూడా నవ్వింది. గిన్నె మాత్రం చేతికి తీసుకోలేదు.

మర్నాడు పొద్దున నేను దొడ్లో పళ్లు తోముకుంటుంటే ఖాలా సందులోంచి పిలిచింది. "బిడ్డా, ఇట్ల రా. మన వీధి కుక్కను సూసినావా?"

"యాడ ఖాలా?"

"అదో, గోడ కింద పండుకోనుండాది. ఎట్ల బలిసిందో సూడు. పెండ్లికొడుకు మాదిరి! నా పాయా అంతా దాని కడుపులకే పోతాంది. మీ అమ్మ పోస్తాంటే నా కండ్లతో సూసినా."

నవ్వడానికి నోరు తెరిచి, నవ్వలేకపోయింది. కొంగుతో ముక్కు తుడుచుకుంది. "ఇన్నేండ్లు నా చేతిది తినె గదా. ఇప్పుడేమొచ్చె? నేనేం తప్పు జేసినా? నాకు అడగనీకి నోరు రాల్యా. నువ్వడుగు బిడ్డా."

కుక్క ఒళ్లు నిజంగానే నిగనిగలాడుతోంది. అది తల ఎత్తి నన్ను చూసి, మళ్లీ పడుకుంది.

అమ్మ వంటింట్లో ఉంది. ఎట్లా మొదలుపెట్టాలో తెలియక గడప దగ్గర నిలబడ్డాను. చివరికి అడిగింది ఒక్కటే. "మా, బిళ్లలు ఏసుకుంటాండావా?"

అమ్మ నా వైపు చూసింది. అబద్ధం చెప్పాలా వద్దా అని ఒక్క క్షణం ఆలోచించినట్టుంది. తర్వాత గడ్డంతో పెరటి వైపు చూపించింది. "కరేపాకు చెట్టు మొదట్లో గుచ్చినా. ఇనుమంట గదా. దానికన్నా పనికొస్తాది."

పెరట్లో కరివేపాకు చెట్టు ఆ ఎండలో కూడా నల్లగా, ఒత్తుగా ఉంది. నేను గడప మీద కూర్చున్నాను.

"ఎందుకు మా?"

"నువ్వే సదువుకున్నదానివి, నువ్వే అడుగుతాండావు." అమ్మ గొంతు తగ్గించింది. పక్కన ఎవరో వింటారన్నట్టు, గడ్డ వింటుందన్నట్టు. "డాక్టరు ఒక పక్క దానికి నీల్లు కట్టేస్తాండాడు. మీరేమో ఇంకో పక్క తెచ్చి పోస్తాండారు. దానిమ్మ తిను, కారిజం తిను, పాయా తాగు. నాకు పట్టిన రక్తమంతా ఎవరు తాగుతారు? అదే గదా! కాలువ కట్టేసి, బాయిలో నుంచి తోడి పోస్తారా ఎవరన్నా?"

నేను కరివేపాకు చెట్టు వైపే చూస్తున్నాను.

"గరికకు ఏం జేస్తిమి? సేనంతా ఎండబెడితిమి. పంట గూడా పోయె ఆ యేడు. సేను ఎండకుండా గరిక ఒకటే ఎండుతాదా? నేను గూడా రవ్వంత ఎండల్ల. అది సచ్చినాంక మల్ల తింటా."

ఆమె రొంటిన దోపుకున్న నల్లటి పాతగుడ్డ ముక్క తీసి చూపించింది. మడతల్లో గట్టిపడి ఉంది. "అప్పుడప్పుడు ముక్కులో నుంచి పోతాది. పోనీలే అనుకుంటా. పోయిన కాడికి దానికి తగ్గినట్లే గదా." ఆ మాట చెప్తున్నప్పుడు ఆమె ముఖంలో ఒక తృప్తి ఉంది. దాన్ని చూసి నాకు భయం వేసింది. ముక్కులోంచి రక్తం పోవడం ఆ మందుతో వచ్చేదే, డాక్టరుకు చెప్పాల్సింది. ఆమె దాన్ని ఎవరికీ కనపడకుండా నల్లగుడ్డలో దాచుకుంది.

"మీ ఎలుకలకు మాడిపోయిందంటివి గదా" అంది.

వద్దు అని చెప్పాలంటే ఎందుకో చెప్పాలి. ఎందుకో చెప్పాలంటే అంచు గురించి చెప్పాలి. నీళ్లు కట్టేస్తే ఏదైనా చస్తుందన్న నమ్మకం మీద ఆమె అన్నం మానుకుని కూర్చుంది. ఆ నమ్మకం తీసేస్తే అన్నం తింటుందో, అసలు మంచం మీదినుంచే లేవకుండా పోతుందో నాకు తెలియలేదు. ఆ సాయంత్రం నాయనకు మాత్రం చెప్పాను. ఆయన చాలాసేపు కుక్క వైపే చూశాడు.

"నా మాట ఎప్పుడినె పాపా ఆమె? నువ్వే సెప్పల్ల. ఎలుకల మాటైతే ఇంటాది."

కడపకు తిరిగి వచ్చాను. ఆ వారం డైరీలో రాసినదంతా ఎలుకల గురించే. అమ్మ అన్న మాట రాయబోతే చేయి సాగలేదు.

మందివ్వని గుంపులో ఒక ఎలుక ఆ వారం తిండి మానేసింది. వెన్నెముక చేతికి పూసల్లా తగులుతోంది. చెవులు తెల్లగా ఉన్నాయి. డొక్కలో గడ్డ మాత్రం ఉండాల్సినంత ఉంది. బాధ ముదరకముందే శాశ్వతంగా నిద్రపుచ్చాలన్నది మా నియమం. ప్రొద్దుటూరు వైపు నుంచి వచ్చే మా సీనియరు అక్క ఆ పని చేసింది. గడ్డ కోసి నా చేతికిచ్చింది. పొర కోసి రంగు పట్టించి చూస్తే, అంతకు ముందు నేను చూసిన వాటికంటే అందులో నాళాలు తక్కువగా లేవు. ఒక మూలనైతే ఎక్కువే ఉన్నాయి.

"అక్కా, ఒంట్లో రక్తం లేకపోయినా దీనికెట్లా ఇన్ని?" అన్నాను. మామూలుగా నేను ఏదీ అడగను గనక ఆమె తిరిగి చూసింది.

"ఒళ్లెండితే గడ్డెండుతాదా యాడన్నా? ఇల్లంతా పస్తున్నా కూచోని తినే అల్లుడు మాదిరిది ఇది." నవ్వబోయి నా ముఖం చూసి ఆపేసింది. "రక్తం పల్చబడితే దానికి గాలి చాలదు గదమ్మా. చాలకపోతే ఇంకా గట్టిగా కేక పెడతాది. ఏం, ఎందుకడుగుతాండావు?"

"ఊరికే" అన్నాను. ఆ మాట ఆ రోజంతా నాతో తిరిగింది. ఎండుతున్న చేనులో గరిక గొంతు పెంచుకుంటోంది.

తర్వాతి శనివారం ఊరికి పోయాను. రక్తపరీక్ష ఇంకో వారంలో ఉంది. సాయంత్రం ఎండ తగ్గాక, గుట్ట కింద చేను దాకా పోయొద్దామా అని అడిగాను. అమ్మ వింతగా చూసింది గానీ చెప్పులేసుకుంది. దారిలో ఒక చోట ఆగింది, మళ్లీ ఇంకో చోట ఆగింది. ఆగిన ప్రతిసారీ కొండ చూస్తున్నట్టు నటించింది. ఊపిరి ఆడడం లేదని నాకు వినిపిస్తూనే ఉంది.

చేనులో పంట లేదు. దున్ని వదిలేసిన ఎర్రమట్టి. గాలికి దుమ్ము లేస్తోంది. చేనంతా పొడి, గట్టు తప్ప. గట్టు వెంబడి, ఆ పొడుగునా, పచ్చగా గరిక ఉంది. పక్కచేను వాళ్లు బత్తాయికి డ్రిప్పు వేశారు. ఎక్కడో పైపు కారుతోంది.

అమ్మ గట్టు మీద కూర్చుంది. చేయి వేసి ఒక గరిక పోచ లాగింది. అది తెగింది, వేరు రాలేదు.

"మా, ఇదెందుకు సావల్యా?"

"ఇదా? గట్టెంబడి ఎప్పుడూ ఉంటాది లే. పక్కోల్ల సేని ఊట. దాన్నెవరు కట్టేస్తారు? వాల్ల నీల్లు మనమెట్ల కట్టేస్తాం?"

"మా ఎలుకల్లో గూడా అంతే మా."

చెప్పేశాను. తర్వాత ఆగకుండా చెప్పాను. నడుమ మాడిన మాట నిజమే, అంచు మాడలేదు. అది గడ్డ నాళాల నుంచి తాగదు, పక్కనున్న మంచి కండ నుంచి తాగుతుంది. మంచి కండకు రక్తం ఆపితే మనిషే ఉండదు. ఎండిన ఎలుకలో గడ్డ ఎండలేదు. రక్తం పల్చబడిన ఒంట్లో దాని దాహం ఇంకా ఎక్కువైంది. నువ్వు మానేసిన అన్నం దానికి తగ్గలేదు మా, నీకు తగ్గింది. నీ మందు మా మందు ఒకటి కాదు, దానితో పాటు వేరే మందులు కూడా ఎక్కిస్తున్నారు, అవి అంచు కోసమే, అవి ఎక్కించాలంటే నీకు రక్తం ఉండాలి. అంత పొడుగున నా జీవితంలో ఎవరితోనూ మాట్లాడలేదు. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

అమ్మ నన్ను చూడలేదు. తెగిన గరిక పోచను వేలికి చుట్టుకుంటూ, విప్పుతూ కూర్చుంది. పక్కచేనులో నీటిచుక్క పడుతున్న చప్పుడు వినిపిస్తోంది.

"అయితే నాది గూడా అట్లనే ఉంటాదా? అంచు?"

"ఉండొచ్చు మా."

"ఎప్పటికీ?"

నేను గట్టు మీది గరిక వైపు చూశాను. ఆమె రెట్టించలేదు. కాసేపటికి పోచను గట్టు కింద పడేసింది.

"ముందే సెప్పింటే ఆ పాయా అయినా తాగుతాంటి గదే" అంది. కోపం లేదు ఆ మాటలో. నాకు తెలిసిన అమ్మలో ఎప్పుడూ లేని ఒక చప్పదనం ఉంది. చేయి చాచింది, లేపమని. లేపాను. ఆ చేయి బరువు లేదు.

ఆ రోజే అమ్మ ఖాలా వాకిలి ముందుకు పోయి నిలబడింది. "ఏమొదినా, ఆ కుక్కకు ఇంగ పెట్టొద్దు. నాకు పెట్టు."

ఖాలా లోపలినుంచి గరిట పట్టుకుని వచ్చి, ఏదో తిట్టబోయి, అమ్మ ముఖం చూసి ఆగిపోయింది. "రేపు సేస్తా. గిన్నె నా ముందర ఖాళీ సెయ్యల్ల. లేకుంటే నీ గొంతులో పోస్తా."

"పొయ్యి. నువ్వు పోస్తే నేనేం అడ్డం పడతానా."

నేను సెలవు పెట్టి ఊళ్లోనే ఉండిపోయిన ఆ వారం అమ్మ తిన్నది. రొట్టె తిన్నది, కారిజం తిన్నది, దానిమ్మ గింజలు ఒలిచి గుప్పిళ్లతో తిన్నది. బిళ్లలు మింగింది. నల్లగుడ్డ నాయనకు చూపించింది. ఇష్టంగా తినలేదు. పనిలాగా తిన్నది, వేళకు, మాట్లాడకుండా. అమ్మ తింటుంటే ఇల్లు సంతోషంగా ఉండాలి. నాయన, ఖాలా, నేను ముగ్గురమూ ఆ పళ్లెం చుట్టూ భయంభయంగా కూర్చునేవాళ్లం. గరిక చేను కథ ఆమె ఆ తర్వాత చెప్పలేదు.

పరీక్షలో రక్తం కొంచెం పెరిగింది. ఈసారికి ఎక్కిద్దాం అన్నాడు డాక్టరు. ముక్కు సంగతి విని, జాగ్రత్తలు చెప్పి, ఇలాంటివి దాచొద్దని కోప్పడ్డాడు. మందు ఎక్కుతున్నంతసేపు అమ్మ సీసాలో చుక్కలు చూస్తూ పడుకుంది. ఇదివరకు ఆ గదిలో ఆమె కళ్లు మూసుకునేది, పెదవులు కదిలేవి. ఇప్పుడు ఒక్కొక్క చుక్కనూ, కాలువకు నీళ్లు వదిలిన మనిషి అది ఎంతవరకు పోతుందోనని చూసినట్టు చూసింది.

ఇప్పుడు ఇంటికి పోయినప్పుడల్లా ఒకటి గమనిస్తున్నాను. పొద్దున లేవగానే, ఇంకా చాప మీద ఉండగానే, అమ్మ కుడి డొక్కలో పక్కటెముకల కింద నాలుగు వేళ్లు పెట్టి నొక్కుకుంటుంది. నడుమన నొక్కదు. మెల్లగా చుట్టూ జరుపుకుంటూ పోతుంది, ఒక మూల నుంచి ఇంకో మూలకు. నేను చూస్తున్నానని తెలిస్తే చేయి తీసేస్తుంది. ఆ కదలిక నాకు తెలుసు. పలకను జరుపుతూ నేనూ అట్లాగే చూశాను, ఎక్కడైనా తెగుతుందేమోనని.

మొన్న అన్నం తింటూ అడిగింది. "మీ ఎలుకలెట్లుండాయి పాపా?"

"కొత్తవొచ్చినాయి మా" అన్నాను. "శానా బాగుండాయి. చెవులు గులాబీ రంగులో ఉండాయి."

పాతవాటి గురించి ఆమె అడగలేదు. పళ్లెం నా వైపు జరిపి, ఇంకొంచెం పెట్టమంది.